నీళ్ల డ్రమ్ము పక్క సాలు

మా పిన్నికి కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. షెడ్డులో అందరికీ ఆవిడ పట్టకారు. సన్నటి స్టీలు పట్టకారొకటి ఎప్పుడూ జుట్టు ముడిలో గుచ్చి ఉంటుంది. తల దువ్వుకోవడం మరిచిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ, అది లేకుండా వచ్చిన రోజు లేదు. ఓసారి పన్ను నొప్పని డాక్టరు దగ్గరికి వెళ్తే, కుర్చీలో కూర్చోబెట్టి తల వెనక్కి వాల్చమన్న ఆయన, "మీ సామాను మీరే తెచ్చుకున్నారేంటమ్మా?" అన్నాడట.

నేను ఆవిడ అక్క కూతుర్ని. అదే తోటలో తూకం గదిలో పనిచేస్తాను. కాయలు బుట్టల్లో వస్తే తూచి, ఏ సాలు నుంచి ఎన్ని వచ్చాయో రాసిపెట్టడం నా పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ముఖ్యంగా కూలి మాట వస్తే. చెప్పేటప్పుడు అది మధ్యమధ్య బయటపడుతుంది, సర్దుకుపోండి.

మా తోటలో, వల కప్పిన షెడ్డులో, పండేది టమాటా. కానీ కూరలోకి కాదు, విత్తనానికి. రెండు జాతుల్ని కలిపి కొత్త విత్తనం తీస్తారు. టమాటా పువ్వు ఎవరి సాయమూ అక్కర్లేని పువ్వు. పుప్పొడీ దానిదే, కాయా దానిదే. ఆ పెంకితనం మా కంపెనీకి పనికిరాదు. అందుకని మొగ్గ ఇంకా విచ్చుకోకముందే, రేకులు లేత పసుపుకి తిరుగుతున్న సాయంత్రం పూట, లోపలున్న పుప్పొడి గొట్టాన్ని పట్టకారుతో లాగెయ్యాలి. గట్టిగా లాగితే మొగ్గే ఊడొస్తుంది. మర్నాడు పొద్దున్నే మగ మొక్కల నుంచి తీసిన పుప్పొడిని, వేలికి ఉంగరంలా తొడుక్కున్న చిన్న గిన్నెలోంచి ఆ పువ్వుకి అంటించాలి. అంటించినట్టు గుర్తుగా పువ్వు కిందుండే ఆకుపచ్చ రేకుల్లో రెండు కత్తిరించాలి. కాయ పండేదాకా ఆ కత్తిరింపు అలాగే ఉంటుంది. గుర్తున్న కాయ విత్తనానికి, గుర్తు లేని కాయ పారబోతకి. దీన్నంతా కలిపి క్రాసింగ్ పని అంటాం. ఈ పనిలో మిగతావాళ్లు ఒక సాలు ముగించేలోపు మా పిన్ని రెండు సాళ్లు ముగిస్తుంది, అదీ కబుర్లు చెప్తూ.

ఇక కూలి. రోజుకూలి అంటే పని ఉన్న రోజుకే కూలి. ఏడాదిలో ఎనిమిది నెలలు షెడ్డు నిండా పనే. వానలు మొదలయ్యాయంటే మొక్కలకి తెగుళ్లు వస్తాయని నాలుగు నెలలు షెడ్డు ఖాళీ చేసేస్తారు. మొక్కలూ ఉండవు, మనుషులూ ఉండరు. నాది నెలజీతం కాబట్టి నేను ఖాళీ తక్కెడ తుడుచుకుంటూ కూర్చుంటాను. పిన్ని మాత్రం ఇరవై రెండేళ్లుగా ఆ నాలుగు నెలలూ ఏ పని దొరికితే ఆ పనికి పోతుంది. సోడా సీసాలు కడిగింది. గోడౌనులో ఉల్లిపాయలు ఏరింది. నిరుడు ఒక క్యాంటీన్‌లో మనిషి లోతు గిన్నెలు తోమింది. సబ్బునీళ్లకి వేళ్ల కొసలు పగిలి గరుకు కాగితంలా అయిపోతాయి. గరుకు వేళ్లకి మొగ్గ తాకిన సంగతి తెలీదు. నిరుడు సీజన్ మొదలైన పదిహేను రోజుల దాకా ఆవిడ చేతుల్లో మొగ్గలు రాలిపోతూనే ఉన్నాయి. రాలిన వాటిని ఎవరూ చూడకుండా అప్రాన్ జేబులో వేసుకోవడం నేను చూశాను. యాభై దాటిన మనిషి. ఇంకో రెండు మూడు వానాకాలాలు గిన్నెలు తోమితే ఆ వేళ్లు ఇక ఈ పనికి రావు. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

ఇన్నేళ్లలో ఆవిడకి దొరికిన ప్రమోషన్ ఏమిటయ్యా అంటే, టీ అరకప్పు నుంచి ముప్పావు కప్పు అవడం. కూలి పెరగలేదనను. అందరికీ పెరిగినట్టే పెరిగింది. నిన్న చేరిన మనిషికీ, ఇరవై రెండేళ్లు చేసిన మనిషికీ ఒకటే రేటు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

పైన కాస్త అదనం దొరికే దారి ఒక్కటే ఉండేది. సీజన్ చివర్లో ఏ సాలులో ఎక్కువ కాయ దిగితే ఆ సాలు మనిషికి వారం కూలి బహుమతి. అది ఏటా నీళ్ల డ్రమ్ము పక్క సాలుకే వచ్చేది. డ్రమ్ము చల్లదనానికి అక్కడ కాపు బాగా నిలుస్తుందని అందరి నమ్మకం. ఆ సాలు కోసం చీట్లు వేసుకునేవాళ్లు, అలిగేవాళ్లు, నెలల తరబడి మాటలు మానేసేవాళ్లు. పిన్ని మాత్రం చీటీలో పేరే వెయ్యనిచ్చేది కాదు. డ్రమ్ముకి దూరంగా, ఎండ ఎక్కువ కొట్టే మూల సాలు ఎవరూ తీసుకోరని తనే తీసుకునేది. ఆవిడ సాలుది ఏటా రెండో స్థానం. రెండో స్థానానికి ఏమీ ఇవ్వరు, చప్పట్లు కొడతారు.

మా షెడ్డుకి ఒక సూపర్‌వైజరు పోస్టు ఉంది. నెలజీతం, వానాకాలంలో కూడా జీతం. డిప్లొమా చదివిన వాళ్లనే పెట్టేవారు. ఆరేళ్లలో ఐదుగురు వచ్చారు, ఐదుగురూ పోయారు. ఒకాయనకి ఎండ పడలేదు. ఒకాయన ఫోన్లు అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. ఇంకొకాయనకి పుప్పొడి వాసనకే తుమ్ములు. ఆయన తుమ్మినప్పుడల్లా మా ఉంగరాల్లో పుప్పొడి ఎగిరిపోయేది. ఐదో ఆయన కూడా చెప్పాపెట్టకుండా మానేశాక మేనేజరుగారికి విసుగొచ్చింది. ఆయన ఏది మాట్లాడినా శాతాల్లోనే మాట్లాడతాడు కాబట్టి మేం శాతం సారు అంటాం. ఒకరోజు అందర్నీ పిలిచి, "ఈసారి మీలోంచే ఒకర్ని తీసుకుందామని ఎనభై శాతం అనుకుంటున్నా. ఆసక్తి ఉన్నవాళ్లు పేర్లివ్వండి" అన్నాడు.

షెడ్డంతా గుసగుసలు. పిన్ని మాత్రం పేరివ్వలేదు. "మనకెందుకే అవన్నీ, కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు" అంది నాతో. ఆ మాట అంటూ వేళ్ల పగుళ్లు నిమురుకుంటోంది. నాకు తిక్క రేగి, నేనే వెళ్లి ఆవిడ పేరు రాసి వచ్చాను.

రాసేటప్పుడు చూస్తే, ఆ కాగితం మీద అప్పటికే రెండు పేర్లున్నాయి. మొదటిది రేడియోది. పొద్దున షెడ్డులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఆపకుండా మాట్లాడుతుంది కాబట్టి ఆవిడకా పేరు. రెండోది మా పిన్ని కోడలిది.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. వీళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉండి కూడా మంచివాళ్లుగానే ఉన్నారు. కోడలు మూడేళ్ల కిందట ఈ పనిలోకి వచ్చింది. పట్టకారు పట్టుకోవడం నేర్పింది అత్తే. పదో తరగతి దాకా చదివింది, రాత బావుంటుంది, మాట సూటిగా ఉంటుంది. నన్ను వదినా అంటుంది.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి బయటపడింది. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మధ్యలో పిన్ని కొడుకు, లారీ తోలే మా తమ్ముడు, "ఎవరికి వచ్చినా జీతం మనింటికే కదా" అన్నాడు. ఇద్దరూ కలిసి వాడి వైపు చూసిన చూపుకి వాడు మళ్లీ కంచంలోంచి తల ఎత్తలేదు.

"నువ్వు పేరిస్తే నేనిస్తానా అమ్మాయ్? మా అక్క కూతురు చేసిన పని ఇది. నేను తీసేయించుకుంటాలే" అంది పిన్ని.

"తీసేయించుకున్నారంటే నేను మీతో మాట్లాడను అత్తయ్యా. పోటీ పడదాం. ఎవరు గెలిస్తే వాళ్లే. నేను మాత్రం తగ్గను" అంది కోడలు.

"తగ్గమని ఎవరన్నారు?" అంది పిన్ని. ఆ మాటలో కొంచెం పౌరుషం కూడా ఉంది.

శాతం సారు పెట్టిన పరీక్ష ఇది. ముగ్గురికీ తలా ఒక సాలు, సాలుకి నలభై మొక్కలు, పది రోజుల క్రాసింగ్. మూడు వారాలాగి, నిలబడిన కాయలు లెక్కపెట్టాలి. పిన్ని ఎప్పట్లాగే మూల సాలు తీసుకుంది. మిగతా ఇద్దరికీ చీట్లు వేస్తే నీళ్ల డ్రమ్ము పక్క సాలు రేడియోకి వచ్చింది. "దేవుడున్నాడు!" అని అది అరిచిన అరుపుకి తూకం గదిలో నా టీ ఒలికింది. కోడలికి మధ్య సాలు వచ్చింది. అయితే శాతం సారు ఒక కొత్త నియమం పెట్టాడు. "ఎవరి గుర్తు వాళ్లకి ఉండాలి. అప్పుడే లెక్క నూరు శాతం కచ్చితంగా వస్తుంది" అన్నాడు. ఎప్పుడూ అందరం రెండు రేకులే కత్తిరిస్తాం కదా, ఈసారి కోడలు ఒక రేకు కత్తిరించాలి, రేడియో మూడు కత్తిరించాలి. పెద్దావిడ కాబట్టి పాత అలవాటు మార్చక్కర్లేదని పిన్నికి రెండు వదిలేశాడు.

పది రోజులూ షెడ్డులో సందడే సందడి. అందరూ కళ్లు ఒక మొగ్గ మీద, చెవులు ఆ మూడు సాళ్ల మీద వేసుకుని పనిచేశారు. రేడియో వ్యాఖ్యానం చెప్తూనే ఉంది. కోడలు మాట్లాడకుండా, పెదవి కొరుక్కుంటూ పనిచేసింది. పిన్ని తన సాలు అందరికంటే ముందు ముగించి, నీళ్లు తాగి, మళ్లీ వచ్చి, మళ్లీ వెళ్లి నీళ్లు తాగి, అలా తిరుగుతూనే ఉండేది. మూల సాలు వేడికి ఆవిడకి దాహం ఎక్కువ.

మూడు వారాలకి కాయలు గోలీలంత అయ్యాయి. లెక్క నాదే, పక్కన శాతం సారు. పిన్ని సాలు చూశాం. ఐదు వందల ముప్పై, అన్నీ రెండు రేకుల గుర్తువే. కోడలి సాలు దగ్గరికి వచ్చాం. ఒక్క రేకు గుర్తువి నాలుగు వందల నాలుగు. మిగతావి చూస్తే రెండు రేకులవి. లెక్కపెడితే నూట ముప్పై ఆరు. రేడియో సాలులో మూడు రేకులవి మూడు వందల ఎనభై ఎనిమిది, రెండు రేకులవి నూట యాభై ఐదు.

పరాయి గుర్తున్న కాయలు తీసెయ్యాలని నియమం. తీసేస్తే పిన్ని అందనంత ముందుంది. తియ్యకపోతే ముగ్గురిలోనూ పిన్నే ఆఖరు.

"మీ కోడలి సాలులో పాతిక శాతం మీ గుర్తే ఉందమ్మా" అన్నాడు శాతం సారు. "రేడియో సాలులో ఇరవై ఎనిమిదిన్నర శాతం. ఏంటిది?"

"నా పువ్వులు దోచుకుంది సారూ!" అంది రేడియో. "అయ్యో అయ్యో, చెల్లెల్లా చూసుకున్నానే! తేలు కుట్టిన దొంగలా ఎలా నిలబడిందో చూడండి!"

పిన్ని నిజంగానే అలాగే నిలబడింది. "నేను ముట్టుకోలేదు సారూ" అంది. "ముట్టుకుంటే నాకు తెలీదా?"

కోడలు ఉంగరం తీసి బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. "రేపు పొద్దున తేలుస్తాను" అన్నాడు సారు. "ఎదుటివాళ్ల కాయలు తగ్గించాలని కావాలనే చేసినట్టయితే, పోస్టు సంగతి అటుంచి, షెడ్డులోకే రానివ్వను."

ఆ సాయంత్రం నేను కూడా వాళ్లింటికి వెళ్లాను. వెళ్లకపోతే నాకు అన్నం సయించేది కాదు. నా పిన్ని దొంగతనం చెయ్యదని నాకు తెలుసు. కానీ నూట ముప్పై ఆరూ నూట యాభై ఐదూ నా చేత్తోనే లెక్కపెట్టాను. రెండూ నిజమైతే ఎలాగో నాకు అర్థం కాలేదు, అర్థం కాక కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీక గేటు మీద చూపించాను.

కోడలు వంటింట్లో నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీకు అంత కావాలని ఉంటే నాతో ఒక్క మాట చెప్తే పోయేది కదా అత్తయ్యా. నేనే తప్పుకునేదాన్ని. నా సాలులోకి వచ్చి ఎందుకు చేశారు?"

"ఒట్టమ్మా, నేను చెయ్యలేదు" అంది పిన్ని. వంటింటి కిటికీలో రెండు కుండీల్లో టమాటా మొక్కలున్నాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ ఆ కిటికీ పక్కకి చేరింది. "నీ నోటి దగ్గరిది నేను లాక్కుంటానా? నా కొడుకు కంటే నిన్నే ఎక్కువ చూసుకున్నాను. ఇరవై రెండేళ్లలో పక్కవాళ్ల పువ్వు వైపు కన్నెత్తి చూసినదాన్ని కాదు..."

కోడలు హఠాత్తుగా, "అత్తయ్యా, కదలకండి" అంది.

పిన్ని ఉలిక్కిపడి ఆగింది. "ఏంటి? పురుగా?"

"మీ చెయ్యి చూడండి."

పిన్ని చూసుకుంది. నేనూ చూశాను. ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక పుప్పొడి గొట్టం ఉంది, సన్నగా, పసుపుపచ్చగా. కుండీలో మొక్కకి ఒక మొగ్గ పొట్ట తెరుచుకుని ఉంది. పక్కన ఇంకో మొగ్గ కూడా. ఏడుస్తూ, ఒట్లు పెట్టుకుంటూ ఆవిడ రెండు మొగ్గలు శుభ్రం చేసేసింది, గోళ్లతో. నేను వంగి కుండీల్లో కాయలు చూశాను. గుర్తు లేని కాయ ఒక్కటీ లేదు, అన్నిటికీ రెండేసి రేకులు కత్తిరించి ఉన్నాయి. ఈ కుండీ పుప్పొడి ఆ కుండీకి, ఆ కుండీది ఈ కుండీకి అంటించి, వంటింట్లో కూడా క్రాసింగ్ నడిపిస్తోంది మహాతల్లి.

కోడలు నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆగదు. నాకూ అంటుకుంది. పిన్ని మాత్రం ఆ గొట్టాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇది నేనెప్పుడు తీశానే?" అని అడుగుతోంది, భయంగా.

నవ్వు ఆగాక కోడలు కళ్లు తుడుచుకుని, "రోజుకి ఎన్నిసార్లు నీళ్లు తాగుతారు అత్తయ్యా?" అంది.

"దాహం వేసినన్నిసార్లు. పదో పన్నెండో."

"ఏ దారిన వెళ్తారు?"

"నీ సాలు పక్కనుంచే. డ్రమ్ము దగ్గర నీడగా ఉంటుందని కాసేపు నిలబడి, మళ్లీ నీ సాలు పక్కనుంచే వస్తాను."

కోడలు లేచి నిలబడింది. మొహంలో ఏదో వెలిగింది. "రేపు నేను మాట్లాడతాను. మీరు మాత్రం నోరు విప్పకండి. విప్పారంటే చెయ్యనిది కూడా ఒప్పేసుకుంటారు" అంది.

మర్నాడు పొద్దున ప్యాకింగ్ గదిలో అందరూ చేరారు. శాతం సారు బల్ల వెనక కూర్చున్నాడు. కోడలు నేరుగా రేడియోని అడిగింది.

"అక్కా, డ్రమ్ము పక్క సాలు ఎందుకంత కాస్తుంది?"

"చల్లదనానికి. చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు."

"మూడేళ్ల కిందట డ్రమ్ము కారుతోందని అటు చివర నుంచి ఇటు చివరకి మార్చారు. అటు సాలు ఆ ఏడాదే ఎందుకు పడిపోయింది?"

"చల్లదనం డ్రమ్ముతో పాటు ఇటొచ్చింది."

"సరే. ఆ మధ్యలో నెల రోజులు అసలు డ్రమ్మే లేదు. గుమ్మం బయట కుళాయి దగ్గరికి వెళ్లి తాగాం. ఆ నెల ఏ సాలులో ఎక్కువ కాయ నిలిచింది? వదినా, నువ్వు చెప్పు."

ఆ పంట నాకు బాగా గుర్తుంది. ఎప్పుడూ సోదిలో లేని గుమ్మం పక్క సాలు నుంచి బుట్టలకి బుట్టలు వచ్చాయి. నేను నమ్మలేదు. తక్కెడ చెడిందనుకుని బాగుచేయడానికి పంపించాను. బాగుచేసే ఆయన, దీనికేం రోగం లేదమ్మా అని తిప్పి పంపాడు.

"గుమ్మం పక్క సాలు" అన్నాను. "అక్కడ చల్లదనం లేదు సారూ, ఎండ తప్ప."

"డ్రమ్ము ఎక్కడుంటే అక్కడ కాపు కాదు సారూ" అంది కోడలు. "మా అత్తయ్య నీళ్లు తాగడానికి ఎటు వెళ్తే అటు కాపు. మేం చూడకుండా వదిలేసిన మొగ్గలు దారిన పోతూ తీసేస్తుంది, మర్నాడు దారిన పోతూ పుప్పొడి పెట్టేస్తుంది. తనకే తెలీదు. రోజూ అందరి గుర్తూ ఒకటే కాబట్టి ఇన్నేళ్లూ మనకీ తెలీలేదు. మీరు మూడు గుర్తులు పెట్టబట్టి బయటపడింది. మా వంటింటి కుండీలకి కూడా అదే గతి. వదిన సాక్ష్యం."

ఒక్కొక్కళ్లూ ఎవరెవరు ఏ ఏడాది డ్రమ్ము పక్క సాలు చేశారో, వారం కూలి ఎవరు పట్టుకెళ్లారో గుర్తు చేసుకుంటున్నారు. రేడియోకి రెండుసార్లు వచ్చింది. అది బోర్లించిన బుట్ట మీద మెల్లగా కూర్చుంది. నేను పనిలో చేరాక అది ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారి.

"అంటే రెండేళ్లు నేను తిన్నది నీ కూలా?" అంది చివరికి.

"నాకేం తెలుసే" అంది పిన్ని. "నేను నీళ్లకి వెళ్లాను."

శాతం సారు కాగితం మీద ఏవో కూడాడు, కొట్టేశాడు, మళ్లీ కూడాడు. "మూడు సాళ్లూ కలిపితే అందులో యాభై శాతం పైన ఈవిడవే" అన్నాడు తనలో తను. మళ్లీ తల గోక్కున్నాడు. "పని సంగతి సరే. కానీ సూపర్‌వైజరంటే పువ్వులు ముట్టుకునే పని కాదు కదా. రిజిస్టరు రాయాలి..."

"రిజిస్టరు నేను నేర్పిస్తాను" అన్నాను, అడక్కపోయినా.

రేడియో మళ్లీ మోగింది. "సారూ, సూపర్‌వైజరు చేసేదేంటి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్ని సాళ్ల మధ్యా తిరగడమేగా! ఈవిడని తిప్పండి సారూ! దండం పెడతాను, మా సాళ్లన్నిట్లో తిప్పండి!"

గదంతా గొల్లుమంది. శాతం సారు కూడా నవ్వాడు. "నూటికి నూరు శాతం" అన్నాడు.

అక్కడితో అయిపోతే బావుండేది. కానీ ఆయన కలం తీసి, "డిప్లొమా లేదు కాబట్టి వాళ్లకిచ్చిన దాంట్లో మూడొంతులు ఇస్తాం. వానాకాలంలో సగం" అన్నాడు. పిన్ని సరే అనడానికి అప్పటికే నోరు తెరిచింది. ఆ మూడొంతులే ఆవిడ కూలి కంటే ఎక్కువ మరి. నేనేదో అనబోయాను. కోడలు నా చెయ్యి నొక్కి, అత్త ముందుకు వచ్చి నిలబడింది.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు సారూ, అందుకే అడుగుతున్నా. ఆ డిప్లొమా వాళ్లు ఆరేళ్లు ఈ సాళ్ల మధ్య నడిచారు. వాళ్లు నడిస్తే ఒక్క కాయ కట్టిందా?"

సారు కాగితం వైపు చూశాడు.

"వానాకాలంలో వాళ్లు ఏం చేసేవాళ్లు?"

"రిపోర్టులు రాసేవాళ్లు."

"కుర్చీలో నిద్రపోయేవాళ్లు" అన్నాను. "నేను పక్కగదిలోనే కదా ఉండేది."

"పూర్తి జీతం సారూ" అంది కోడలు. "పన్నెండు నెలలూ. మా అత్తయ్య గిన్నెలు తోమి వేళ్లు పోగొట్టుకుంటే, మీకు కొత్త వేళ్లు ఎక్కడ దొరుకుతాయి?"

పోస్టు కోసం పోటీ పడిన మనిషి, ఓడిపోయిన మనిషి, తనకి రాని జీతం కోసం అలా నిలబడి బేరమాడుతుంటే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. పిన్ని మాత్రం కోడలి వీపు వెనక నిలబడి, కొత్త మనిషిని చూస్తున్నట్టు చూస్తోంది. సారు కలం మూసి, తెరిచి, చివరికి పూర్తి జీతమే రాశాడు.

ఆ సీజన్ ఎలా నడిచిందో చెప్పాలంటే చాలా ఉంది. కాపు పెరిగింది. పిన్ని రిజిస్టరులో అక్షరాలు మొదట్లో చీమలు పాకినట్టుండేవి, తర్వాత తర్వాత బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. అవన్నీ వదిలేసి వానలు మొదలైన రోజులకి వస్తాను.

షెడ్డు ఖాళీ అయిన మొదటి నెల చివర్న నేను పిన్ని దగ్గర కూర్చుని ఉన్నాను. బయట వాన. ఆవిడ ఫోనులో మెసేజ్ వచ్చింది. "చూడవే, నాకు కళ్లజోడు లేదు" అంది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. చదివాను. జీతం పడింది, పూర్తిగా. మళ్లీ చదవమంది. చదివాను. వేళ్ల కొసలు బుగ్గకి ఆనించుకుని చూసుకుంది. నున్నగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే కోడలు తడుస్తూ లోపలికి వచ్చింది. గొడుగు మూలన పెట్టి తువాలు కోసం చెయ్యి చాపింది. సంగతి చెప్తే ఆ అలసటలోనూ మొహం వికసించింది.

"నేనేం పని చేశానని ఇచ్చారే ఈ నెల?" అంది పిన్ని, ఇంకా నమ్మకం కుదరక.

"ఇరవై రెండేళ్లు నీళ్లు తాగడానికి వెళ్లారు కదా అత్తయ్యా. దాని జీతం."

పిన్ని నవ్వింది. నవ్వుతూనే తువాలు అందించబోయి, కోడలి చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. అరచెయ్యి తిప్పి వెలుతురుకి పెట్టింది. వేళ్ల కొసలు తెల్లగా నాని, చూపుడువేలు పగిలి ఉంది. ఆ క్యాంటీన్‌లోనే, నిరుడు పిన్ని తోమిన గిన్నెల దగ్గరే, వారం నుంచి కోడలు చేస్తోంది. మాతో బట్టల కొట్టులో పని అని చెప్పింది, ఇప్పుడు అడిగితే ఒప్పుకుంది.

పిన్ని ఆ పగులుని బొటనవేలితో మెల్లగా నిమిరింది. తర్వాత, "రేపట్నించి రానని వాళ్లకి చెప్పెయ్" అంది.

"రెండు జీతాలుంటే మంచిది కదా అత్తయ్యా. నాలుగు నెలలేగా."

"నేనూ అలాగే అనుకున్నాను, మొదటి ఏడాది." ఆ పగిలిన వేలు వదల్లేదు. "వచ్చే ఏడాది రెండో షెడ్డు కడుతున్నారట. దానికి సూపర్‌వైజరు కావాలి. నేను సారుతో మాట్లాడాను, నీ పేరే చెప్పాను. ఈ వేళ్లేసుకుని వెళ్తావా? ఈ నాలుగు నెలలూ నా జీతంతో ఇద్దరం కూర్చుని తిందాం. నీ చేతులు నాకు కావాలి."

శాతం సారుని నోరెత్తనివ్వని మా మరదలు తల అడ్డంగా ఊపబోయి, అత్త భుజం మీద వాల్చేసింది. కాసేపటికి తడి చేతులు తువాలుకి తుడుచుకుని, ఫోను తీసి క్యాంటీన్‌కి చేసింది.